డెబ్బదిరెండవ వంతున ఒక యుద్ధవిమానము

2024 నవంబరు 9వ తేదీన విజయవాడ పున్నమి ఘాట్ చెంత కృష్ణానది నీటిపై నుండి లేచి, నల్లమల కొండల మీదుగా వచ్చి, శ్రీశైలమున పాతాళగంగ కడ జలాశయముపై దిగిన సీప్లేను, డి హావిలాండ్ కెనడా వారి ట్విన్ ఆటర్ విమానము. చూపరుల దృష్టి సహజముగ దాని కాళ్ళకు బదులుగ నున్న తేలుపడవలపై నిలుచును గాని, విమాననిర్మాణ చరిత్ర తెలిసిన వానికి అంతకంటె విశేషముగ తోచునది దాని రెక్క. విమానశరీరముపై ఈ కొననుండి ఆ కొనకు దాదాపు 20 మీటర్ల పొడవున చాచియున్న ఆ ఒక్క రెక్కయే, ఇరుప్రక్కల ఒక్కొక్క ఊతకమ్మి మాత్రము తోడుగా, ఐదు టన్నులకు పైబడిన బరువును మోయగలదు. అదే డి హావిలాండ్ పేరుతో నూఱేండ్లకు పూర్వము ఎగిరిన డీహెచ్ 9ఏ అను యుద్ధవిమానము బరువు నిండుగా నింపినను సుమారు 2,100 కిలోలే. అయినను దానికి ఒకదానిపై నొకటిగ రెండు రెక్కలును, వాని నడుమ ఊతకొయ్యల వరుసలును, మూలమూలకు బిగించిన తీగల వలయును కావలసివచ్చెను.

బరువు తక్కువయైన దానికి రెక్కలు ఎక్కువయేల? ఈ ప్రశ్నకు సమాధానము తెలియనివాడు ఆ ప్రాతవిమానమునకు నమూనా చేయబూనినచో, ఏ తీగ ఎక్కడనుండి ఎక్కడకు పోవలెనో చిత్రపటమును చూచి అనుకరింపగలడే గాని, అది అక్కడ ఏల యున్నదో ఎఱుగజాలడు. ఎఱుగనివాని చేతిలో నమూనా బొమ్మగానే మిగులును; ఎఱిగినవాని చేతిలో అది యంత్రశాస్త్రమునకు వ్యాఖ్యానమగును. నమూనా నిర్మాణమను ఈ విద్యలో తెలియదగిన రహస్యము, నా అభిప్రాయమున, ఒక్కటే: దేనిని తగ్గింపవచ్చునో తెలిసికొనుట సులభము, దేనిని తగ్గింప వీలుకాదో తెలిసికొనుటయే విద్య.

హైదరాబాదు పేరు మోసిన విమానము

తెలుగువాడు నమూనాగ చేయదలచిన జంటరెక్కల యుద్ధవిమానములలో డీహెచ్ 9ఏ కంటె సన్నిహితమైనది మఱియొకటి లేదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున సంస్థానాధీశులును, నగరములును, సంఘములును విమానముల కొఱకు ధనము సమర్పించుటయు, అట్టి విమానముపై దాతపేరు లిఖించుటయు బ్రిటిషు సామ్రాజ్యమున ఆచారముగ నుండెను. ఆ ఆచారము ననుసరించి ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన విరాళముతో ఒకటి రెండు విమానములు గాక, ఒక దళమునకు వలసిన విమానములన్నియు సమకూడెను. 1917 నవంబరు 1వ తేదీన ఏర్పడిన 110వ స్క్వాడ్రను ఈ కారణముచేతనే హైదరాబాదు స్క్వాడ్రనుగ పేరొందినది. 1918 సెప్టెంబరు 1వ తేదీన అది ఫ్రాన్సు చేరెను. డీహెచ్ 9ఏ విమానములతో యుద్ధరంగమున కేగిన మొదటి దళమదియే.

ఆ విమానము పుట్టుక కూడ బోధప్రదమైనది. అంతకుముందు జెఫ్రీ డి హావిలాండ్ రూపొందించిన డీహెచ్ 9, ఇంజను శక్తి చాలక, బాంబులతో తగినంత ఎత్తునకు చేరలేక విఫలమయ్యెను. అప్పుడు వెస్ట్‌లాండ్ కర్మాగారమువారు దానికి 400 అశ్వశక్తి గల అమెరికా లిబర్టీ ఇంజనును అమర్చి, రెక్కలను పెంచి, శరీరమును దృఢపఱచి, దాదాపు క్రొత్తదే యనదగిన విమానమును సిద్ధపఱచిరి. రెక్కల విస్తారము 14 మీటర్లు, పొడవు 9.2 మీటర్లు, ముందు భాగమున పెట్టెవలె చతురస్రముగ కనిపించు రేడియేటరు దాని ముఖలక్షణము.

నిజాము బహూకరించిన ఆ విమానములలో ఎఫ్ 1010 సంఖ్య గలది 1918 అక్టోబరు 5వ తేదీ దాడిలో శత్రుభూమిపై దిగి జర్మనుల చేజిక్కెను. బెర్లిను వైమానిక ప్రదర్శనశాలలో నిలిచెను. రెండవ ప్రపంచయుద్ధమున పోలండునకు తరలెను. 1977లో ఒక స్పిట్‌ఫైరు విమానమునకు మాఱుగ ఇంగ్లండునకు తిరిగివచ్చి, జీర్ణోద్ధరణము పొంది, లండనులోని రాయల్ ఎయిర్ ఫోర్సు మ్యూజియమునకు చేరెను. హైదరాబాదు పేరు నేటికిని దాని మేనిపై నున్నది. నమూనా చేయువానికి ఇంతకంటె ప్రామాణికమైన ఆధారము వేఱొండు కావలసినది లేదు.

దీని వంశము మన వైమానికదళమును గూడ తాకినది. 1927లో తొలిసారి ఎగిరిన వెస్ట్‌లాండ్ వాపిటీ, వ్యయము తగ్గించుటకై, డీహెచ్ 9ఏ రెక్కలను, తోకను గైకొని రూపొందినది. 1933 ఏప్రిలు 1వ తేదీన కరాచీలోని డ్రిగ్ రోడ్డున భారత వైమానికదళపు మొదటి స్క్వాడ్రను ఏర్పడినప్పుడు, దానికి లభించినవి నాలుగు వాపిటీలే.

రెక్కలు రెండేల?

విమానము పైకి లేచుటకు రెక్కకు వైశాల్యము కావలెను. ఆనాటి రెక్కలు స్ప్రూస్ అను తేలికైన కలపతో చేసిన రెండు పొడవాటి దూలములును, వానికి అడ్డముగ అమర్చిన పలుచని పక్కటెముకలును, పైన కప్పిన నారబట్టయు మాత్రమే. ఆ రెక్క మందము మిక్కిలి స్వల్పము. కావున లోపలి దూలమును పలుచనిదే. పలుచని దూలమును పొడవుగ చాచి, దానిపై బరువు మోపినచో, అది వంగును. మఱింత మోపినచో విఱుగును.

దీనికి ఉపాయము వంతెనల నుండి వచ్చినది. రైలువంతెనలు కట్టిన ఇంజనీరు ఆక్టేవ్ షాన్యూట్, 1896లో తన గ్లైడరునకు రెండు రెక్కలను ఒకదానిపై నొకటి నిలిపి, నడుమ ఊతకొయ్యలు పెట్టి, మూలనుండి మూలకు తీగలు లాగెను. పై రెక్క వంతెనకు పై దూలమయ్యెను, క్రింది రెక్క అడుగు దూలమయ్యెను. అప్పుడు వంగుటకు ఎదురు నిలుచునది ఒక్కొక్క రెక్క యొక్క అల్పమైన మందము గాక, రెండు రెక్కల నడుమ గల దూరమంతయు నగును. ఊతకొయ్య నొక్కుడును భరించును. తీగ లాగుడును భరించును. ఎవరి పని వారు చేయుదురు. 1903లో ఎగిరిన రైటు సోదరుల విమానమును ఈ నిర్మాణముతోడనే నిలిచినది.

అయితే ఈ బలమునకు మూల్యము చెల్లింపక తప్పలేదు. ఒక రెక్క చుట్టు గాలి ప్రవాహము రెండవదానిని బాధించును గనుక, రెండు రెక్కలు కలిసి ఒంటిరెక్కకు రెట్టింపుగ పైకెత్తు బలమును పుట్టింపజాలవు. అంతకంటె గొప్ప నష్టము తీగలవలన. గుండ్రని తీగ సన్ననిదే యైనను, గాలిని చీల్చునప్పుడు దాని వెనుక సుడులు పుట్టి, అంతకు అనేక రెట్లు మందమైన చక్కని రెక్క ఆకృతికి గల నిరోధమును కలుగజేయును. అందుచేతనే బ్రిటిషు విమానములకు గుండ్రని తీగలకు బదులు, గాలికి ఒదిగిపోవు చదునైన కోల ఆకృతి గల ఉక్కుతీగలను వాడసాగిరి.

పేటిక: తీగలు రెండు తెగలు

జంటరెక్కల విమానమున ప్రధానమైన తీగలు రెండు విధములు. శరీరము ప్రక్కన క్రింది రెక్క మొదటి నుండి బయలుదేరి, వెలుపలి ఊతకొయ్యల పై కొనకు ఏటవాలుగ పోవునవి ఎగురునప్పటి తీగలు: గాలి రెక్కలను పైకెత్తి మడచివేయ యత్నించునప్పుడు ఇవి బిగిసి పట్టుకొనును. పై రెక్క నడిమి భాగము నుండి వెలుపలి ఊతకొయ్యల అడుగు కొనకు దిగునవి దిగునప్పటి తీగలు: విమానము నేలపై నున్నప్పుడును, చక్రములు నేలను తాకి అదరినప్పుడును రెక్కలు క్రిందికి వ్రాలిపోకుండ ఇవి కాపాడును. ఒక తెగ బిగిసినప్పుడు రెండవ తెగ సడలును. నమూనాలో ఏ తీగ యైనను తప్పుగ పోయినదో లేదో తెలిసికొనుటకు ఈ ఒక్క సూత్రము చాలును: ప్రతి తీగయు ఏదో ఒక కదలికను అడ్డగించుచుండవలెను, దేనిని అడ్డగించుచున్నదో చెప్పలేని తీగ అక్కడ నుండరాదు.

ఆళ్లగడ్డ శిల్పి కొలత

కొలతను తగ్గించుట యనగానేమో తెలిసికొనగోరువారు నంద్యాలకు సమీపముననే గల ఆళ్లగడ్డ శిల్పశాలలకు పోయి చూడవచ్చును. నల్లరాతి నుండి దేవతామూర్తిని మలచు శిల్పికి ప్రమాణము స్కేలుబద్దపై గల అంగుళము కాదు. శిల్పశాస్త్రమున ఉత్తమ దశతాళమను మానము ననుసరించి విగ్రహపు టెత్తును 124 సమభాగములు చేసి, అందొక భాగమును దేహలబ్ధాంగుళమందురు. ముఖమునకిన్ని, కంఠమునకిన్ని, జానువునకిన్ని యని ఆ అంగుళములతోడనే విధించియున్నారు. విగ్రహము 62 సెంటీమీటర్లదైనచో అంగుళము అర సెంటీమీటరు. 248 సెంటీమీటర్లదైనచో రెండు సెంటీమీటర్లు. మూర్తి పెరిగినను తరిగినను అంగములకు గల పరస్పర సంబంధము చెడదు. విమాన నమూనాలలో 1/72, 1/48, 1/32 అని చెప్పు నిష్పత్తులును ఇట్టివే: 14 మీటర్ల రెక్క 1/72లో 19.4 సెంటీమీటర్లు, 1/48లో 29 సెంటీమీటర్లు, 1/32లో 44 సెంటీమీటర్లు అగును.

అయితే ఆ శాస్త్రమే మఱియొక సత్యమును గూడ ఎఱిగినది. వినాయకునకు దశతాళము పనికిరాదు, పంచతాళము విధించిరి. శిశురూపములకును తాళము వేఱు. పెద్దవాని విగ్రహమును కుదించినంత మాత్రమున శిశువు కాడు; పరిమాణము మాఱినప్పుడు నిష్పత్తియే మాఱవలసిన సందర్భములు కలవు. విమాన నమూనాకును ఈ వివేకమే శరణ్యము.

తగ్గునవి, తగ్గనివి

పొడవును 72వ వంతు చేసినప్పుడు వైశాల్యము 72ను 72తో గుణించినంత, అనగా 5,184వ వంతు అగును. ఘనపరిమాణమును దానితోడి బరువును మఱియొకసారి గుణించినంత, అనగా 3,73,248వ వంతునకు పడిపోవును. డీహెచ్ 9ఏ యొక్క 2,100 కిలోలు ఈ లెక్కను సుమారు 5.6 గ్రాములు. దాని 45 చదరపు మీటర్ల రెక్కలు 87 చదరపు సెంటీమీటర్లు. రెక్కలో ప్రతి చదరపు సెంటీమీటరు మోయవలసిన భారము అసలు విమానముతో పోల్చినచో 72వ వంతే యగును. కావుననే చిన్న నమూనాకు బలము కొఱకు తీగలు అక్కఱలేదు. ప్లాస్టికు రెక్కలు తమంతట తామే నిలుచును. అసలు విమానమున ప్రాణాధారమైన తీగలు నమూనాలో ఏ బరువును మోయవు.

ఇక్కడ ఒక వైపరీత్యము కలుగును. మోయని తీగ చెఱుపజాలును. నైలాను దారమును ఉత్సాహముతో గట్టిగ బిగించినచో, అసలు విమానమున రెక్కను తిన్నగ నిలిపిన ఆ లాగుడే నమూనా రెక్కను వంకరచేయును. అందుచేతనే అనుభవజ్ఞులు సాగుడు గల సన్నని దారమును వాడుదురు. అది తనంతట బిగువుగ నుండును గాని రెక్కను లాగదు.

మందము విషయమున మఱియొక చిక్కు. ప్లాస్టికు అచ్చులో పోసిన రెక్క వెనుక అంచు అర మిల్లీమీటరు మందమున్నచో, అసలు విమానమున అది 36 మిల్లీమీటర్ల మొద్దు అంచునకు సమానము. కంటికి అర మిల్లీమీటరు సన్నముగనే తోచును. కాని మొత్తము విమానము పక్కన ఆ అంచు బండగ కనిపించి, బట్టతో చేసిన రెక్కను కొయ్యపలకగ మార్చివేయును. గరుకు కాగితముతో రెక్క లోపలి వైపునుండి అరగదీసి, అంచును కాగితమంత పలుచన చేయుటయే దీనికి మార్గము. పక్కటెముకలపై కుట్టును కప్పుచు అతికించిన బట్టపట్టీ 5 సెంటీమీటర్ల వెడల్పు గలదైనచో, నమూనాలో దాని వెడల్పు 0.7 మిల్లీమీటరు ఉండవచ్చును. మందము మాత్రము దాదాపు శూన్యము. బట్ట నేత యైతే అసలు కానరాదు, కానరానీయరాదు.

రంగు కూడ యథాతథముగ తగ్గదు. అసలు విమానముల నారబట్టపై పూసిన డోపు అను లేపనము బట్టను బిగించి తప్పెటవలె చేసెడిది. పైభాగములకు పూసిన పీసీ 10 అను కపిలవర్ణపు లేపనములో పచ్చని మన్నును మసియు కలిసియుండెను. దాని ప్రధానోద్దేశము అలంకారము కాదు, ఎండలోని అతినీలలోహిత కిరణములు నారను జీర్ణింపజేయకుండ ఆపుట. నమూనాను 60 సెంటీమీటర్ల దూరమునుండి చూచుట, అసలు విమానమును 43 మీటర్ల దూరమునుండి చూచుటతో సమానము. అంత దూరమున నడిమి గాలి వర్ణమును కొంత వెలవెలబోవ జేయును. కావున యథార్థమైన వర్ణమును యథాతథముగ పూసినచో చిన్న నమూనా నల్లబడినట్లు తోచును. కొంచెము తెలుపు కలిపినచో యథార్థముగ తోచును.

పేటిక: 1/72లో డీహెచ్ 9ఏ

రెక్కల విస్తారము: 14 మీటర్లు, నమూనాలో 19.4 సెంటీమీటర్లు.
పొడవు: 9.2 మీటర్లు, నమూనాలో 12.8 సెంటీమీటర్లు.
6 మిల్లీమీటర్ల వెడల్పు గల తీగ: నమూనాలో 0.08 మిల్లీమీటరు, అనగా తలవెండ్రుకంత.
5 సెంటీమీటర్ల ఎత్తు గల అక్షరము: నమూనాలో 0.7 మిల్లీమీటరు.

సూది, దారము, ఓర్పు

నిర్మాణక్రమము కూడ కారణములనుండియే పుట్టును. శరీరపు రెండు సగములను అతికించిన పిమ్మట లోపలికి చేయి పోదు గనుక, పైలటు ఆసనమును, పరికరముల పలకను, వెనుక తుపాకి మనిషి నిలుచు తావును ముందుగనే పూర్తిచేయవలెను. కొయ్యభాగములకు ముందు లేత తేనెరంగు పూసి, ఆరిన పిదప దానిపై గోధుమవన్నె నూనెరంగును పలుచగ పూసి, గట్టి కుంచెతో ఒకే దిశకు లాగినచో చేవగీతలు ఏర్పడును. తరువాత శరీరము, క్రింది రెక్క, తోక. ఆపై రంగులు, వృత్తచిహ్నములు, దాతపేరు. పై రెక్క చివరిది. అది వచ్చిన పిమ్మట కుంచె లోపలికి పోవుట కష్టము.

తీగలకు కావలసిన రంధ్రములు మాత్రము పై రెక్క అతుకకముందే సిద్ధము కావలెను. 0.3 మిల్లీమీటరు ములికిని వ్రేళ్ళ నడుమ నెమ్మదిగ త్రిప్పుచు, తీగ పోవు ఏటవాలుననే రంధ్రము తొలువవలెను. నిటారుగ తొలిచినచో దారము అంచున విఱిగినట్లు కనిపించును. పిమ్మట అట్టముక్కలతో కట్టిన చట్రములో క్రింది రెక్కను కదలకుండ నిలిపి, ఊతకొయ్యలను, పై రెక్కను సమకోణమున అతికించి, ఒక దినమైనను కదల్పక వదలవలెను. దారపు కొనను పటకారుతో రంధ్రమున దూర్చి, సూదిమొనపై నిలిచిన సూపర్ గ్లూ చుక్కను దానికి తాకించినంతనే ఆ ద్రవము దారము వెంట లోపలికి ప్రాకి గట్టిపడును. రెండవ కొనను కొలిచి, ఇసుమంత లాగి, అట్లే బంధించి, మిగిలిన తునకను క్రొత్త బ్లేడుతో రెక్కకు సమముగ కోయవలెను. చుక్క పెద్దదైనచో తీగ మొదట గడ్డ కట్టును. ఆ ఒక్క గడ్డ 72 రెట్లు పెంచి చూచినచో పిడికిలి యంత యగును. లోపలి తీగలు ముందు, వెలుపలివి తరువాత. కుడివైపు ఒకటి కట్టినచో ఎడమవైపు దాని జతను వెంటనే కట్టవలెను.

గాలి చిన్నది కాలేదు

రెక్క పలుచన గనుక జంటరెక్కలు కావలసెనని పైన చెప్పితిమి. రెక్కను పలుచగ ఏల చేసిరి? మందముగ చేసినచో లోపల బలమైన దూలము పట్టును, తీగలే అక్కఱలేకపోవును గదా! ఈ ప్రశ్నకు సమాధానము నమూనాల చరిత్రలోనే యున్నది.

తొలినాటి శాస్త్రజ్ఞులు రెక్కల గుణదోషములను చిన్నచిన్న నమూనాలతో, మందగతిని వీచు గాలిసొరంగములలో పరీక్షించిరి. ఆ పరీక్షలలో పలుచని రెక్కలే మేలైనవిగ తేలెను. కాని గాలికి కొంత జిగట కలదు. పెద్ద రెక్కపై వేగముగ పోవు గాలికి ఆ జిగట లెక్కలోనిది కాదు. అరచేయంత రెక్కపై మెల్లగ పోవునప్పుడు దాని ప్రభావము ప్రబలమగును, మందమైన రెక్కపై గాలి తొందరగ విడిపోవును. రెక్కను తగ్గించిరి గాని గాలిని తగ్గింపలేకపోయిరి. నమూనా యథార్థమే చెప్పినది, కాని తన పరిమాణమునకు సంబంధించిన యథార్థమును చెప్పినది. దానిని పెద్ద విమానమునకు అన్వయించుటలో పొరపాటు జరిగెను. నిజపరిమాణమున మందమైన రెక్క పలుచనిదానికంటె తీసిపోదని జర్మనీలోని గొట్టింగెను సొరంగపు పరీక్షలవలనను, తీగలు లేని మందమైన ఒంటిరెక్కతో 1915లోనే ఎగిరిన హ్యూగో యుంకర్స్ విమానమువలనను లోకము క్రమముగ గ్రహించెను.

ఈ దోషమునకు పరిహారముగ, అమెరికాలోని లాంగ్లీ పరిశోధనశాలలో మాక్స్ మంక్ సూచనపై 1920ల తొలినాళ్ళలో ఒక వింత సొరంగమును కట్టిరి. అది మందమైన ఉక్కుతొట్టి. అందులో గాలిని 20 రెట్ల ఒత్తిడికి కుదించెడివారు. నమూనా 20వ వంతైనచో గాలిని 20 రెట్లు చిక్కగ చేసినప్పుడు లెక్క సరిపోవును. నమూనాను తగ్గించుటతో తృప్తిపడక, తగ్గనిదానిని గుర్తించి దానికి వేఱుగ సవరణ చేసిన బుద్ధి అది. అట్టి పరీక్షల ఫలితముగ మంచి మందపు రెక్కలు రూపొందెను; లోహనిర్మాణమును తోడయ్యెను; 1930ల చివరకు యుద్ధవిమానములలో జంటరెక్కల యుగము ముగిసెను. శ్రీశైలమున దిగిన విమానపు ఒంటిరెక్క ఆ పరంపరకే చెందినది.

నమూనా నేర్పు విద్య

నేడు రాకెట్లకును, పొడవైన వంతెనలకును, ఆనకట్టలకును ముందుగ నమూనాలు చేసి పరీక్షించుచున్నారు. గాలిలో జిగట యెట్లో, నీటిలో గురుత్వాకర్షణ మట్లు. ప్రతిచోట ఏదో ఒకటి మన కొలబద్దకు లొంగక నిలుచును. కంప్యూటరు లెక్కలు ప్రబలినను ఈ వివేకమునకు విలువ తగ్గలేదు. ఏలయన కంప్యూటరులో నిర్మించునదియు నమూనాయే, దానిలోను ఏది వదలితిమో ఎఱిగియుండవలెను.

ఈ వివేకమును బాలబాలికలకు సూత్రములతో బోధించుట కష్టము. జంటరెక్కల విమానమును చేయించి బోధించుట సులభము. అంచు అరగదీయునప్పుడు మందమును గూర్చియు, దారము బిగించునప్పుడు బలమును గూర్చియు, రంగు కలుపునప్పుడు దూరమును గూర్చియు చేతులే నేర్చుకొనును. నంద్యాల, ఆళ్లగడ్డల పాఠశాలలలోను, మన జిల్లాకేంద్రముల విజ్ఞాన ప్రదర్శనలలోను ఒక డీహెచ్ 9ఏ నమూనా నిలువవలెనని నా కోరిక. దాని ప్రక్కన పొడవు, వెడల్పు, వేగము వ్రాసిన పలక ఒక్కటి చాలదు. ప్రతి తీగకు సంఖ్య వేసి, అది ఏ కదలికను అడ్డగించుచున్నదో వ్రాయవలెను. ఈ నమూనాలో ఏమేమి యథాతథముగ తగ్గినవో, ఏమేమి తగ్గలేదో రెండు వరుసలుగ చూపవలెను. ఆ రెండవ వరుసను చదివి, ఏల తగ్గలేదని అడిగిన బాలుడో బాలికయో ఇంజనీరగుటకు తొలియడుగు వేసినట్లే.